అదరని వెలుగు

ఉదయాన్నే వచ్చిన ఫిర్యాదు చూసి సుబ్బరత్నానికి నవ్వాగలేదు. "మా ఇంట్లో వెలుగు అదరడం లేదు. దయచేసి వచ్చి చూడగలరు" అని ఉంది. వెలుగు అదురుతోందని గోలపెట్టేవాళ్లను చూసింది గానీ, అదరడం లేదని బాధపడేవాళ్లు తణుకు మొత్తం మీద ఉంటారని ఆమెకు తెలియదు. ఎవరో గానీ భలే మనిషి అనుకుంటూ బండి తీసింది. సందు మలుపులో చిరునామా మరోసారి చూసుకుంటే గుర్తొచ్చింది. జస్వంత్ గారిల్లు. ఎండాకాలం మొదట్లో ఆ ఇంటికి కప్పు వేసింది తనే.

ఇప్పుడు ఊళ్లో ఏ ఇంట్లోనూ స్విచ్చులు లేవు, ఫ్యాన్లు లేవు. స్లాబు అడుగున వెలుగుపూత పూస్తారు, దాని కింద గాలిపొర అంటిస్తారు. రెండింటినీ కలిపి జనం 'కప్పు' అంటారు. మనిషి ఎక్కడ కూర్చుంటే అక్కడికి కావలసినంత వెలుగు, చెమట పట్టేలోపే గాలి. కిటికీలు తెరిచే పనే లేదు. చప్పుడు లేదు, మిణుకు లేదు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే "సాయం" అని ఒక్క మాట అంటే చాలు, కప్పు విని ఆసుపత్రి బండిని పిలుస్తుంది. కప్పు కింద ఎవరూ ఒంటరి కారని గోడల మీద ప్రకటనలు కూడా ఉన్నాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఎంతోమందిని అది బతికించింది.

జస్వంత్, లాస్య. ఆ పేర్లు వింటేనే ముసలివాళ్లని తెలిసిపోతుంది. పిల్లలకు మళ్లీ సుబ్బరత్నం, వీరన్న అని పెట్టుకుంటున్న రోజులివి. ఆ దంపతులిద్దరికీ పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. పైవాళ్లతో మాట్లాడాలంటే చేతివాణి తొడుక్కుంటారు. అదొక కడియం. సైగలను చదివి గొంతుగా పలుకుతుంది, ఎదుటివాళ్ల మాటను అక్షరాలుగా చూపిస్తుంది. ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు దాంతో పనేముంది? తీసి గూట్లో పడేసేవారు.

కప్పు వేసిన రోజు లాస్య రత్నాన్ని వంటింట్లోకి లాక్కెళ్లి, గోడ మీది పాత స్విచ్చు చూపించి, కడియంతో చెప్పించింది. "ఇదొక్కటీ తియ్యకమ్మా. మా ఆయన హాల్లో పేపరు ముందేసుకుని కూర్చుంటే నేను పిలవాలిగా. ఒకసారి ఆర్పి వేస్తే అన్నానికి రమ్మని. టకటకా ఆర్పి వేస్తే పరుగెత్తుకు రమ్మని."

"ఆయ్, దానికేం భాగ్యమండీ పిన్నిగారూ" అంది రత్నం. పాత స్విచ్చు వదులైపోయిందని కొత్తది తెచ్చి బిగించింది. హాలుకూ వంటింటికీ వెలుగు వెళ్లే తీగ ఒకటే కాబట్టి దానికే కలిపింది. టకటకా నొక్కి చూసింది. హాల్లో వెలుగు అదిరింది. పెద్దాయన చెప్పులు కూడా లేకుండా గుమ్మంలోకి వచ్చి, కనుబొమ్మలు ఎగరేసి, అరచెయ్యి చాపాడు. ఏంటి, పిలిచావా అని. లాస్య పడీపడీ నవ్వింది. రత్నం చేతిలో రెండు పూతరేకులు పెట్టి పంపింది.

ఇవాళ తలుపు తీసింది ఆయనే. గోడ మీద లాస్య ఫొటోకి దండ.

"అయ్యో బాబాయ్ గారూ! ఎప్పుడండీ?"

"నువ్వు కప్పు వేసిన ఎనిమిదో రోజే" అంది కడియంలోని గొంతు. అదొక కుర్రవాడి గొంతు, వాతావరణం చెప్పినట్టు చెబుతుంది. "వంటింట్లో. గుండెపోటు అన్నారు. నేను ఇక్కడే ఈ కుర్చీలో కూర్చుని ఉన్నాను."

రత్నం పనిముట్ల సంచి నేల మీద పెట్టింది.

"ఆ పొద్దున మేం పోట్లాడుకున్నాం. మా పెళ్లయిన కొత్తలో కొన్న ఫ్యాను. నువ్వు దించి మూల పెట్టావే, దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేశాను. ప్రతి శనివారం స్టూలెక్కి దాని రెక్కలు తుడిచేది. అడగకుండా ఎలా ఇచ్చావని ఒకటే గొడవ. పాత రోజుల్లో అయితే మాట మీరితే చటుక్కున హాల్లో లైటార్పేసేది. చీకట్లో చేతులు మాట్లాడలేవుగా, గొడవ అక్కడితో సరి. ఇప్పుడు హాల్లో స్విచ్చు ఏదీ? నేను ఆపలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది."

ఆయన వంటింటి గుమ్మం వైపు చూశాడు.

"అన్నం వేళ దాటింది. పిలవలేదు. అలిగిందిలే అనుకున్నాను. ఆకలేసి నేనే వెళ్లాను. ఆ స్విచ్చు కిందే కూలబడి ఉంది. చెయ్యి స్విచ్చుకి అందేంత దూరం, రత్నం! నొక్కితే నేను రానా? ఎంత కోపం ఉంటే మాత్రం, చచ్చిపోతూ కూడా నన్ను పిలవదా? ఇన్నాళ్లూ ఇదే కుమిలిపోతున్నాను. వంటింటి వైపు వెళ్లలేక హోటల్ కూడు తింటున్నాను. నిన్న ధైర్యం చేసి వెళ్లి స్విచ్చు నొక్కాను. వెలుగు అదరలేదు. నాకొక్కటే చెప్పు. అది ఎప్పుడు పాడైంది? ఆమె పోకముందా, పోయాకా?"

రత్నానికి జవాబు సగం అప్పుడే తెలిసిపోయింది. కొత్తగా వేసిన కప్పు మొదటివారం ఆ ఇంటి తీరు నేర్చుకుంటుంది. ఎక్కడ వెలుగు తగ్గుతోంది, ఎక్కడ మిణుకుమంటోంది, అన్నీ గమనించి వాటిని జబ్బులుగా లెక్కవేసుకుంటుంది. ఆ తర్వాత తనంతట తనే దిద్దుకుంటుంది. పూతలో దాచుకున్న కరెంటుతో ఏ అదురూ కంటికి కనపడకుండా చేస్తుంది. ఆ గుణం చూసే కదా జనం ఎగబడి కొన్నది! పాపం, లాస్య అన్నానికి పిలిచిన ప్రతి పిలుపూ దానికి ఒక జబ్బులాగే కనిపించింది. బిగించిన రోజు నొక్కి చూసి, బాగుందని పూతరేకులు తింటూ వెళ్లిపోయిన రత్నానికి ఆ సంగతి తట్టనే లేదు.

వంటింట్లోకి వెళ్లి స్విచ్చు పలక విప్పింది. లోపలి స్ప్రింగు విరిగి బయటికి వేలాడింది. నొక్కే నాలుక ఒక పక్కకి ఒరిగిపోయింది. ఏళ్ల తరబడి వాడినా చెక్కుచెదరని రకమని తనే ఏరి తెచ్చింది. ఇది రోజుకు రెండుసార్లు అన్నానికి పిలిస్తే విరిగేది కాదు. ప్రాణం పోయే మనిషి నొక్కి నొక్కి, ఇంకా నొక్కితే విరిగినది.

ఒక్క క్షణం అబద్ధం చెబుదామా అనిపించింది. ఏం చెప్పినా ఈ మనిషికి నిద్ర ఉండదు. కానీ పిలవలేదన్న మాట లాస్య మీద ఉండిపోవడం రత్నం తట్టుకోలేకపోయింది. స్విచ్చు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది.

"నేను బిగించినప్పుడు కొత్తదండీ. పిన్నిగారు పిలిచారు బాబాయ్ గారూ. ఇది విరిగేదాకా పిలిచారు. కప్పే... కప్పే మీకు చూపించలేదండి. అలా చేస్తుందని నాకు తట్టలేదు. తప్పు నాదేనండి, నాదే."

అక్షరాలు కడియం మీద కదిలాయి. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు. స్విచ్చును బొటనవేలితో నొక్కాడు. అది తిరిగి లేవలేదు.

"పిలిచింది" అంది కడియం. ఆయన ముఖంలో ఒక రెప్పపాటు ఏదో వెలిగింది. వెంటనే ఆ ముఖం ముడుచుకుపోయింది. నోటి నుంచి ఒక అరుపు వచ్చింది. దాన్ని ఏ మాటగా మార్చాలో కడియానికి తెలియలేదు. రత్నం కూడా ఏడ్చేసింది.

ఆయన కళ్లు తుడుచుకుని చేతులెత్తాడు. "నాకొకసారి చూపించు. ఆ రోజు నేను చూడాల్సింది."

"వద్దండీ, మీ ఒంటికి మంచిది కాదు."

"చూపించమ్మా."

రత్నం కప్పు దిద్దుబాటును తెంచేసింది. వంటింట్లో స్విచ్చు ఉన్నచోట రెండు తీగలూ బయటికి లాగి, రబ్బరు తొడుగులు వేసుకుని, కొనలు ఒకదానికొకటి తాకించింది. ఆయన ఎప్పటి కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి బరువుగా ఉందని కడియం తీసి పక్కన పెట్టుకున్నాడు.

రత్నం తీగలు విడదీసి కలిపింది. విడదీసి కలిపింది. టకటకా.

హాల్లో కుర్చీ పడిపోయిన చప్పుడయింది. చెప్పులు లేని అడుగులు పరుగెత్తుకొచ్చాయి. ఆయన గుమ్మంలో నిలబడి రొప్పుతూ, కనుబొమ్మలు ఎగరేసి, అరచెయ్యి చాపాడు. ఏంటి, పిలిచావా?

అక్కడున్నది రత్నం.

ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. చూపు మెల్లగా ఆమె మీంచి దిగి స్విచ్చు కింద గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. కూర్చుని ఆ ఖాళీ చోటుకేసి చూస్తూ చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. బతిమాలుతున్నాడో, సంజాయిషీ చెప్పుకుంటున్నాడో, ఫ్యాను సంగతే చెబుతున్నాడో. కడియం హాల్లో ఉండిపోయింది. రత్నానికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

మూసిన కిటికీల వంటిల్లు. ఆ రెండు తీగలు కలిసి ఉన్నంతసేపే అక్కడ వెలుగు. రత్నానికి భుజాలు లాగేస్తున్నాయి, కళ్లనీళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అయినా తీగలు వదల్లేదు. చీకటి పడితే ఆయన మాట మధ్యలోనే ఆగిపోతుందని, అలాగే పట్టుకుని నిలబడింది.