ఒక్క పిలుపుకే పలికింది

కాలువ కట్ట పక్కన రాకేశ్ ఇల్లు కట్టిన జాగకు మొదటి నుంచే మంచి పేరు లేదు.

అక్కడ ఒకప్పుడు బాయి ఉండేది. పిలుపుల బాయి అనేటోళ్లు. పొద్దుగూకినంక ఆ దారిన పోతుంటే బాయిలకెల్లి పేరు పెట్టి పిలుస్తదట... ఒక్కసారే. పలికినోళ్లు చావరు గాని, మళ్ల ఎప్పటి తీరు మనుషులు కారట. అందుకే హుజూరాబాద్ చుట్టుపట్ల పెద్దోళ్లు పిల్లలకు చెప్పేది ఒకటే మాట — "చీకటైనంక మూడోసారి పిలిస్తెనే పలుకాలె. మనిషైతే మూడుసార్లు పిలుస్తడు."

రాకేశ్ ఈ ముచ్చట్లకు నవ్విండు. షార్జాల ఉండుకుంటనే బాయిని మన్ను పోసి పూడ్పించి, దాని మీదనే ఇల్లు లేపిండు. మామూలు ఇల్లు గాదు. దర్వాజకు తాళంచెవి లేదు. వేలు పెడితే తెరుచుకుంటది, దానంతట అదే పడ్తది. హాల్ల అరచేతంత డబ్బా ఒకటి — మాట్లాడుతది. బయట దర్వాజ పక్కనున్న కాలింగ్ బెల్లు గంటలకెల్లి గూడ దాని గొంతే వస్తది. లైటు వెయ్యమంటె వేస్తది, పాట పెట్టమంటె పెడ్తది. దాన్ని పేరుతోని పిలువాలె. రాకేశ్ దానికి తన నాలుగేండ్ల బిడ్డ భవ్యశ్రీ ముద్దుపేరే పెట్టిండు. చిన్ని.

"నా రూంల గూడ గసొంటిదే పెట్టుకున్న. చిన్నీ అంటె పలుకుతది. పాణం జర నిమ్మళమైతది" అన్నడు ఫోన్ల భార్య వినోదతోని.

కష్టం తర్వాత తెలిసొచ్చింది. "చిన్నీ, బువ్వ తిందువు రా" అని వినోద పిలిస్తె బిడ్డకంటె ముందు డబ్బా పలికేది — "చెప్పండి, వింటున్నాను." కొన్నొద్దులకు బిడ్డ పలుకుడే బంద్ చేసింది. పొద్దంత డబ్బా ముంగట కూసుని, అది చెప్పే కథలు వినేది.

ఇంకో తిప్పల వేళ్లతోని. వినోద బీడీలు చుడ్తది. చుట్టి చుట్టి వేళ్ల మీది గీతలు అరిగిపోయినయ్. రేషన్ దుకాణంల మిషినే ఆమెను గుర్తుపట్టదు, ఈ దర్వాజ ఏం గుర్తుపడ్తది? ఫోన్ల నొక్కే దర్వాజ తీసుకునేది.

"నీ మొగడు కట్టిన ఇల్లు, ఎవలే నువ్వు అని నిన్నే అడుగుతాందా పిల్లా?" అని తోటి బీడీలోళ్లు ఎక్కిరించేటోళ్లు. ఆమె గూడ నవ్వేది.

ఆ దినం మబ్బు కమ్మింది. చీకటి పడ్డది. పొయ్యి మీద పాలు పెట్టి, ఫోన్ చార్జింగుకు పెట్టి, దండెం మీది బట్టలు తీద్దామని వినోద బయటికొచ్చింది. రెండు చీరెలు తీసిందో లేదో —

వెనుక... టిక్.

దర్వాజ పడ్డది.

వేలు పెట్టింది. ఎర్ర లైటు. కొంగుకు తుడిచి పెట్టింది. ఎర్ర లైటు. పది వేళ్లు పెట్టింది...

కిటికీకి ఉరికింది. లోపట హాల్ల లైటు వెలుతురుల బిడ్డ ఇటు వీపు పెట్టి డబ్బా కాడ కూసున్నది. లేచి లోపలి పిడి తిప్పితె చాలు, దర్వాజ తెరుచుకుంటది.

"చిన్నీ!"

"చెప్పండి, వింటున్నాను" అన్నది గంట.

"నిన్ను గాదే! నా బిడ్డను!"

"క్షమించండి. మీరు అన్నది నాకు అర్థం కాలేదు."

"దర్వాజ తియ్!"

"క్షమించండి. మీరు అన్నది నాకు అర్థం కాలేదు."

దానికి మన మాట రాదు. పుస్తకాల తెలుగు కావాలె. వినోద ఊపిరి బిగవట్టి, ఒక్కొక్క మాటే కూడవలుక్కున్నది — "చిన్నీ... తలుపు... తెరువు."

"తలుపు తెరవడానికి రహస్య సంఖ్య చెప్పండి."

ఆ అంకె ఒక్క రాకేశ్‌కే ఎరుక.

అద్దం మీద గుద్దింది. రాయి తీసి కొట్టింది. మందం అద్దం, గీత గూడ పడలే. బిడ్డ ఉలికిపడ్డది గాని తిరుగలే. రెండు చేతులతోని చెవులు మూసుకున్నది. చీకట్ల ఎవలు పిలిచినా పలుకొద్దని బిడ్డకు చెప్పింది ఎవలు? వినోదనే.

వంటింట్ల పాలు పొంగినయ్. మంట ఆరింది. జరసేపటికి కిటికీ సందులకెల్లి గ్యాసు వాసన...

అప్పుడు కట్ట మీద టార్చిలైటు కనిపించింది. పొరుగు పొలం నాగయ్య, పార భుజాన పెట్టుకొని ఇంటికి పోతుండు.

"నాగయ్య మామా!"

టార్చి ఆగింది. ఆరిపోయింది. అడుగులు జోరందుకున్నయ్.

ఆ జాగల... ఆ చీకట్ల... ఒక్క పిలుపు. ఆయన ఏమనుకున్నడో వినోదకు సమజైంది.

"నాగయ్య మామా!"

అడుగులు ఆగలే. గోడ పట్టుకొని, ఉన్న శక్తంత గొంతులకు తెచ్చుకున్నది.

"నాగయ్య... మామా!"

దూరంగ టార్చి మళ్ల వెలిగింది.

"ఏందే పిల్లా... నిజంగ నువ్వేనా?" దగ్గరికి రాకుండనే గుసగుసగ అడిగిండు.

"మూడుసార్లు పిలిచిన గద మామా! బిడ్డ లోపట... గ్యాసు..."

పారతోని నాలుగు దెబ్బలు. తాళం ఊడి పడ్డది. "స్విచ్చు ముట్టకు!" అన్నడు నాగయ్య. వినోద వంటింటి చీకట్లనే గ్యాసు కట్టేసి, బిడ్డను ఎత్తుకొని అరుగు మీదికి ఉరికొచ్చింది. నాగయ్య కిటికీలన్ని తెరిచిండు. వాసన పోయిందాక ఆగి, మళ్ల లోపటికి పోయి, ఆ డబ్బాను వైరుతోని సహా పీకి బయటికి తెచ్చిండు.

బిడ్డ కండ్లు తెరిచే ఉన్నయ్. ఊపిరి ఆడుతున్నది. ఎటో చూస్తున్నది.

వినోద చెంపలు తడిమింది. మెల్లగ, ఒక్కసారే పిలిచింది.

"చిన్నీ..."

"చెప్పండి, వింటున్నాను."

వినోద చప్పున డబ్బా దిక్కు చూసింది. అది నాగయ్య చేతిల ఉన్నది. వైరు తోకలెక్క వేలాడుతున్నది. నాగయ్య బిడ్డ మొఖం దిక్కు చూసుకుంట... ఒక మెట్టు కిందికి దిగిండు.

"బిడ్డా, నేనురా... అమ్మను..."

బిడ్డ పెదవులు కదిలినయ్.

"క్షమించండి" అన్నది. "మీరు అన్నది నాకు అర్థం కాలేదు."