పిన్ను లేని బ్యాడ్జి

"ఈ మిషన్‌కి నువ్వే కరెక్ట్, కృష్ణప్రసాద్," అన్నాడు చీఫ్ సోమశేఖర్.

ఆయన ఆ మాట అన్నాడంటే జీపు ఉండదు, మనుషులుండరు. గ్యాడ్జెట్ ఒకటే ఇస్తారు, అది పనిచేయదు. ఈసారి ఇచ్చింది మెటల్ డిటెక్టర్.

ఏజెంట్ కృష్ణప్రసాద్ ఫైలు తెరిచాడు. 2003 రిపోర్టు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికేవాళ్లకి మెదడులోకి సన్నటి వైరు దింపి, ఛాతీలో అమర్చిన యంత్రం నుంచి కరెంటు పంపి వణుకు ఆపుతారు. వీటి మార్కెట్ ఏటేటా పెరిగిపోతోంది. అంతా ఫారిన్ సరుకే. ఇప్పుడు మన ఇంజనీర్లు మూడో వంతు ధరకే తయారుచేశారు.

"రేపు పొద్దున నయాపూల్ ఫంక్షన్ హాల్లో డెమో. మన యంత్రం పెట్టించుకున్న జగన్నాథం అనే పేషెంట్ కమిటీ ముందు అర్జీ రాయాలి. చెయ్యి వణికిందా, మన యంత్రానికి పర్మిషన్ రాదు. ‘ఆర్కిడ్’ ముఠాకి కావాల్సింది అదే. ఆ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్: ‘చాయ్ గరమ్ ఉందా?’"

కృష్ణప్రసాద్ తల పట్టుకున్నాడు. పాతబస్తీలో అది కోడ్ వర్డా! ఏ మహానుభావుడు పెట్టాడో!

మర్నాడు హాలు ముందు చాయ్ బండి వేషం. పావుగంటలో పదకొండు మంది కోడ్ వర్డ్ చెప్పారు.

"మస్తు గరమండీ," అన్నాడు విసుగ్గా.

"ఏందన్నా, బెజవాడనా?" అని నవ్వాడు పదకొండోవాడు.

పన్నెండోసారి కోడ్ వర్డ్ చెప్పింది రాగసుధ. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, గుప్పుమనే సెంటు. "రిసెప్షన్ నాది. మీరు గేటు చూడండి. ఎవరినీ లోహం లోపలికి తేనివ్వకండి," అని గుసగుసగా చెప్పి వెళ్లింది.

డిటెక్టర్ ఎవరికీ మోగలేదు. చచ్చినట్టు చేత్తోనే తడిమాడు. జగన్నాథం జేబులో గుండ్రటి మాగ్నెట్ దొరికింది. ఉప్పుగూడ నుంచి వచ్చి కోర్టు గేటు కాడ ముప్పై ఏళ్లు అర్జీలు రాసిన మనిషాయన.

"గది నా స్విచ్ సాబ్. ఒకపారి ఛాతీకి తాకిస్తే మిషన్ బందైతది, ఇంకోపారి తాకిస్తే షురువైతది. ఈ చెయ్యి ఆడకుంటె నా బతుకే లేదు!"

"రూల్ అంటే రూలండీ." మాగ్నెట్ తీసి రిసెప్షన్ బల్ల మీదున్న రాగసుధ ట్రేలో వేశాడు.

వేదిక మీద రాగసుధ నవ్వుతూ అందరికీ బ్యాడ్జీలు పెట్టింది. జగన్నాథం పెన్ను పట్టాడు. చెయ్యి వణికింది. పెన్ను కిందపడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కమిటీ చైర్మన్ ఫైలు మూసేశాడు.

కృష్ణప్రసాద్‌కి ఒళ్లు మండిపోయింది. ఏం మిస్సయ్యాను? అందరి బ్యాడ్జీలూ పిన్నుతో గుచ్చి ఉన్నాయి. జగన్నాథం ఛాతీ మీది బ్యాడ్జికి మాత్రం పిన్ను లేదు.

వేదిక ఎక్కి బ్యాడ్జి పీకాడు. వెనకాల మాగ్నెట్! చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది.

"పీకితే కాదు సాబ్, ఇంకోపారి తాకియ్యాలె! నాది మీరే గుంజుకున్నరు కద!"

ఛీ, తన తెలివి తెల్లారినట్టే ఉంది! చైర్మన్ లేచి నిలబడ్డాడు. కృష్ణప్రసాద్ అదే బ్యాడ్జిని మళ్లీ జగన్నాథం ఛాతీకి ఆనించాడు.

చెయ్యి ఆగింది.

"ఒక్క నిమిషం సార్! ఇప్పుడు చూడండి!"

అప్పుడే గేటు దగ్గర డిటెక్టర్ జన్మలో మొదటిసారి కుయ్యోమంది. జారుకోబోతున్న రాగసుధ హ్యాండ్‌బ్యాగులో జగన్నాథం మాగ్నెట్ ఉంది. ఆమె మన మనిషి కాదు, ముఠా మనిషే! కృష్ణప్రసాద్ వదిలొచ్చిన డిటెక్టర్ పట్టుకుని హాలు కానిస్టేబుల్ కొండల్ ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

జగన్నాథం అర్జీ రాశాడు. కమిటీ కాగితాన్ని చేతులు మార్చుకుని చూసి, మెచ్చుకుని, పర్మిషన్ మీద సంతకాలు పెట్టింది.

సాయంత్రం చీఫ్ అడిగాడు: "మిషన్ సక్సెస్ అంటున్నావ్, రుజువేది?"

కృష్ణప్రసాద్ పళ్లు కొరుక్కుంటూ కాగితం అందించాడు. ఒక్క అక్షరం వణకలేదు.

"గౌరవనీయులైన కమిటీ వారికి, గేటు వద్ద నా మాగ్నెట్ గుంజుకొన్న కృష్ణప్రసాద్ అను మనిషి మీద తగు చర్య తీసుకొనగలరు."