ఆంబోతుల అక్కచెల్లెళ్ళు

దగ్గరికి రండర్రా, ఇంకా దగ్గరికి. చెప్పుకుంటే ఒళ్ళు మండే కథ ఇది.

ఒరిస్సా వేరే రాష్ట్రమై అప్పటికి రెండేళ్ళు. తెల్లారేసరికి గోపాలపూర్ ఇసుకలో శవం. పశువుల ఆసుపత్రి కాంపౌండరు పైడన్నది. వీపులో కత్తిపోటు, జేబులో చీటీ: "ఆంబోతుల్ని ఆపండి."

ఆ చీటీని సీక్రెట్ సర్వీస్ ఇన్‌స్పెక్టర్ అప్పయ్య బరంపురంలో ఒక పట్టుచీరల కొట్టు వెనకగదిలో ఏజెంట్ పుణ్యవతి ముందు పెట్టాడు. లోకానికి ఆమె పెరుగమ్ముకునే మనిషి. తలమీద కుండ, కుండకి దొంగ అడుగు, ఆ అడుగులో అగ్గిపెట్టెంత కెమెరా.

"రాబెక్ దొర ఓడలోంచి నలభై ఆంబోతుల్ని దింపాడు. పది గంటలకి సంతలో నలభై ఊళ్ళకి ఉచితంగా పంచుతాడు. పశువుల ఆఫీసరు సంతకం పడితే ఇక ఆపలేం. ప్రూఫ్ కావాలి."

"అయిదేళ్ళ కిందట అలాటిదొకటి మా ఊరొచ్చినాది బాబూ. ఎనిమిది పెయ్యలు పుట్టినాయి. అయిదు సూలే కట్టనేదు. పాలు పితికేది మా యమ్మ. ఆవిడ సెయ్యి మంచిది కాదని ఊరు ఊరంతా మా గుమ్మంలో ఉమ్మినాది!"

"దొర అమ్మేది డబ్బాపాలు. ఆవులు గొడ్డుపోతేనే అతని డబ్బా అమ్ముడవుతుంది. దొర బంగళాలో టైపిస్టు కమలాకుమారి ఉంది. మన జీతం, దొర జీతం, రెండూ తింటోంది. నమ్మకు."

తొమ్మిదిన్నరకి పుణ్యవతి సంత పక్కన బంగళాలో వంటింటి దారిన దూరింది. తలపిన్నుతో సొరుగు తెరిచింది. రిజిస్టరు! గబగబా పేజీలు తిప్పింది. నలభై ఆంబోతులు, నలభై తల్లులు, ఒక్కొక్క తల్లికి బిందెలకొద్దీ పాలు. ఎక్కడా మచ్చ లేదు.

ఆమెకి కోపంతో కళ్ళు తిరిగాయి. మన రైతు ఆంబోతుని చూసి అడిగే ప్రశ్న ఒక్కటే: దీని తల్లి ఎన్ని పాలిచ్చింది? దొర ఆ ఒక్కదానికీ జవాబు ముస్తాబు చేసి తెచ్చాడు. మరి తన తమ్ముడికి పిల్లని చూసినప్పుడు అమ్మ ఆ పిల్ల తల్లిని ఒక్కర్తినే చూసి ఊరుకుందా? అక్కలకి కాన్పులయ్యాయా, మేనత్తలకి పిల్లలున్నారా అని వీధివీధీ తిరిగి ఆరా తీసింది. పశువు దగ్గర ఆ మాట ఒక్కరికీ తోచలేదు!

వెనక పిస్టలు క్లిక్కుమంది.

"సొరుగులో పెరుగు తోడుపెడతన్నావేటప్పా?"

జార్జెట్ చీర, ఎర్రటి పెదాలు. కమలాకుమారి.

"కాల్తే కాల్సు. ఈటి అప్పసెల్లెళ్ళ పుస్తకం ఏదే?"

పిస్టలు కిందికి వాలింది. "ఇన్నాళ్ళకి ఒక్కర్తివి అడిగినావు. సగానికి సగం ఈనలేదప్పా. కోతకెళ్ళిపోనాయి. ఆ దోషం ఆంబోతులో అగుపడదు. దాని కూతుళ్ళలోనే బయటపడతాది."

"తెలిసే టైపు కొట్టినావా?" పుణ్యవతి ఆమె చెంప పగలగొట్టింది.

కమల చెంప తడుముకోలేదు. "నన్నూ గొడ్డురాలని గెంటేసినారు. కూడు పెట్టినోడి కాడ సేరిపోనాను. పైడన్నని సంపుతారని తెల్దు, ఒట్టు. ఆవుల్ని గొడ్డు సేసే యెదవకి నానేటి కాపలా?" హ్యాండ్‌బ్యాగు అస్తరు చించి నల్ల పుస్తకం లాగింది.

ఇద్దరూ సంతలోకి పరుగెత్తారు. పదికి నిమిషం తక్కువ. ఆఫీసరు కలం సిరాలో ముంచాడు.

"దొరా! నీ ఆంబోతుల అప్పసెల్లెళ్ళు ఎన్ని ఈనినాయి?" అని అరిచింది పుణ్యవతి.

సంత గొల్లున నవ్వింది. "పశువులకి పెళ్ళి సంబంధమా ఏటే?" అన్నాడొక రైతు. దొర కూడా నవ్వాడు. కమల పుస్తకం తెరిచి ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో చదివింది: మొదటిదానికి అక్కచెల్లెళ్ళు పది, ఈనినవి అయిదు. రెండోదానికి తొమ్మిది, ఈనినవి నాలుగు. అయిదోది వచ్చేసరికి నవ్వేవాడు లేడు.

కలం కాగితం మీద ఆనబోతూ ఆగింది. దొర పరుగు తీశాడు. పశువుల కాపరి వేషంలో ఉన్న అప్పయ్య పలుపుతాడు విసిరి కాళ్ళు బిగించాడు. కమల అడక్కుండానే చేతులు చాపింది, బేడీలకి.

నలభై ఆంబోతులకీ విత్తులు కొట్టించి బళ్ళకి కట్టారు. బరువు లాగడంలో వాటికి ఏ లోపమూ లేదట!

ఇది గుర్తుపెట్టుకోండి. పదిమందికీ చెప్పండి. పుణ్యవతి తల్లి గుమ్మంలో ఉమ్మిన ఊరు మాత్రం తనంతట తాను చెప్పదు.