బోర్లించిన రాతిగుండు

మిట్టమధ్యాహ్నం... వైశాఖ బహుళ అమావాస్య! మనిషి నీడ మనిషి పాదాల కిందే నక్కే ఘడియ అది. కోదాడ పొలిమేరలో, సూర్యాపేట బాటను ఆనుకుని ఉన్న దొరవారి తోటలో గాలి ఊపిరి బిగబట్టింది. ఆకాశంలో చిటికెడు మబ్బు లేదు... అయినా ఎక్కడో భూగర్భంలోంచి వస్తున్నట్టు ఉరుము ఉరుముతూనే ఉంది! పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి రాతిగుండు మీద వాలింది. రెప్ప వేయకుండా గోతిలోకి చూస్తోంది.

ఆ గోతిలో సత్తెమ్మ కూర్చుని ఉంది. పదహారేళ్ల పిల్ల. విరబోసిన జుట్టు, ఒళ్లంతా పసుపు, నుదుట అరచేతి వెడల్పున కుంకుమ! మూడు రోజులుగా ఆ కళ్లు ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆమె నెత్తికి పైన, గోతి గట్టున, ఏనుగు కూర్చున్నంత రాతిగుండు రెండు ఆపురాళ్ల మీద నిలబడి ఉంది. ఆ రెండూ కొట్టేస్తే గుండు గోతిలోకి జారుతుంది. కొట్టవలసిన సుత్తె సాయమ్మ చేతిలో ఉంది, సత్తెమ్మ సాయమ్మ కన్నబిడ్డ.

ఎదుటి గట్టున మహామాంత్రికుడు, కపాలసిద్ధుడు, శ్రీశ్రీశ్రీ వేంకటభైరవానందస్వామి! బిరుదులకేం, నోరుంటే చాలు. అసలు పేరు వెంకటయ్య. ఒకప్పుడు మిర్యాలగూడ సంతలో గోనెపట్టా పరుచుకుని తేలుమందు అమ్మేవాడు. ఆ మందు పూసుకున్నవాళ్లకు విషం దిగిందని ఎవరూ చెప్పలేదు. ఏ శ్మశానంలో ఎవరి కాళ్లు పిసికాడో, నాలుగేళ్లు కనబడకుండా పోయి, మెడలో ఎముకల దండతో, చంకలో పుర్రెతో తిరిగొచ్చాడు. సంతలో కూరగాయలమ్మే ఆమె దగ్గర కూడా బేరం ఆడలేని మనిషి ఇప్పుడు వేతాళుడితో బేరాలాడతాడట.

అలాగని వాడి దగ్గర ఏమీ లేదనడానికీ లేదు. మొన్న సాయమ్మ తమ్ముడు మైసయ్య ఎదురు మాట్లాడితే వాడు ఒక్కసారి కన్నెత్తి చూశాడు... అంతే! మైసయ్య దవడ తాళం వేసినట్టు బిగుసుకుపోయింది. గంజి చుక్క కూడా దిగక, ఇప్పుడు పందిరి గుంజకు ఆనుకుని కళ్లతోనే ఏడుస్తున్నాడు. నీచుడి చేతికి కూడా విద్య దొరుకుతుంది, లోకంలో ఉన్న చిక్కే అది.

ఇదంతా దొరగారి సరదాతో మొదలైంది. హైదరాబాదులో ఎవరో నవాబు తోటలో పూలమొక్కల నడుమ సహజమైన రాతిగుండ్లు చూసి ఆయనకు మనసు పుట్టింది. చిలుకూరు వైపు గుట్ట మీదివి తెమ్మని, తరతరాలుగా రాతిపనే బతుకైన సాయమ్మవాళ్లను వెట్టికి పిలిపించాడు. వెట్టి అయినా సాయమ్మ ఆ పని ఇష్టంగానే చేసింది, ఎందుకంటే ఆమెకు రాయి అంటే ప్రాణం. పొద్దుగూకే వేళ గుండుకు వీపు ఆనిస్తే పగటి వేడి మెల్లగా ఒంట్లోకి దిగుతుంది. నాలుగు చినుకులు పడితే చాలు, ఎండకు దాగిన రంగులన్నీ బయటికొస్తాయి. పక్కన ఒక సీతాఫలం మొక్క పాతుకుంటే ఇక ఆ చోటు వదిలి పోబుద్ధి కాదు.

గుండును కదిలించే ముందు సాయమ్మవాళ్లు దాన్ని అడుగుతారు. చెంబెడు నీళ్లు పోసి, ఎక్కడికి తీసుకుపోతున్నారో చెప్పి, నీ ముఖం నీకే ఉంచుతామని మాటిస్తారు. ప్రతి గుండుకూ నడుము చుట్టూ ఒక మట్టిగీత ఉంటుంది. గీతకు పైన ఎండావానా తిన్న ముఖం, బూడిదరంగు మచ్చలతో, ఎండిన నాచుతో. గీతకు కింద మట్టిలో దాగిన ఎర్రటి కడుపు. కొత్తచోట కూడా ఆ గీత దాకా పాతాలి, ఆ ముఖమే పైకి ఉండాలి. అలా పెడితేనే గుండు అక్కడే పుట్టినట్టు ఒదుగుతుంది, లేకపోతే ఎవరో బండి మీంచి పారేసి పోయినట్టు ఉంటుంది. సాయమ్మ పదకొండు గుండ్లను అలాగే కూర్చోబెట్టింది.

మర్నాడు దొరగారు వాటికి సున్నం కొట్టించాడు! నిక్షేపంలాంటి రాళ్లు పళ్లిగిలించినట్టు తెల్లగా వరసలో నిలబడ్డాయి. సాయమ్మ వాటిని చూసి, పక్కకు తిరిగి ఉమ్మేసి వెళ్లింది.

ఆ యేడు ఊళ్లలో వెట్టి మీద తిరగబడ్డ సంఘం వాళ్ల పేరు వింటే దొరలకు అన్నం దిగేది కాదు. ఆ భయం వాసన పసిగట్టి దిగాడు వెంకటయ్య. పన్నెండో గుండు, అన్నిటికన్నా పెద్దది, బోర్లించి పాతాలన్నాడు. దాని పాతాళముఖం సూర్యుణ్ణి చూడాలట... దాని కింద పెళ్లికాని పిల్లను సజీవంగా పూడ్చాలట... అప్పుడు వేతాళుడు మేల్కొని తోటకు కాపలా కాస్తాడట! తోటలో కాలు పెట్టిన శత్రువు నెత్తురు కక్కుకుని చస్తాడట! దొర నమ్మాడు. తుపాకులున్న ఇంటికి పిరికితనం కూడా ఉంటే నమ్మకం ఎంతసేపు?

తుపాకులు వీపుకు ఆనించి గుట్ట మీద గుండును తలకిందులు చేయించారు. అడగనివ్వలేదు, నీళ్లు పోయనివ్వలేదు. ఆ సాయంత్రం అలసిపోయి గుండును ఆనుకున్న సత్తెమ్మ ఉలిక్కిపడి లేచి, తనది కాని గొంతుతో మూలగడం మొదలుపెట్టింది. వెంకటయ్య ఎగిరి గంతేశాడు. ముందురోజు తాను చల్లిన బూడిద పనిచేసిందని, వేతాళుడు తన ఆసనాన్ని తానే ఎంచుకున్నాడని చాటుకున్నాడు. అప్పటి నుంచీ పిల్ల వాడి చేతుల్లోనే ఉంది.

"ఓం... హ్రీం... ఫట్!" వెంకటయ్య పుర్రెను నెత్తికెత్తుకున్నాడు. దాని కంటిగుంతల్లో నీలిమంట భగ్గుమంది! తోటలో కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గొడుగు కింద కుర్చీలో ఉన్న దొర కాళ్లు పైకి లాక్కున్నాడు. సాయమ్మ భయపడింది, దాచుకోలేదు. కానీ ఆ పుర్రె వెనక ఉన్న ముఖం చూస్తే భయంకన్నా రోత ఎక్కువ పుట్టింది.

"ఘడియ సమీపించింది. సుత్తె ఎత్తు" అన్నాడు వెంకటయ్య.

"ఎత్తను."

"వేతాళుడు క్షుద్బాధతో రగులుతున్నాడు. జాగు చేస్తివా, నీ వంశం నిర్వంశమగును."

"నా వంశం గోతిల కూసున్నది. ఇంకేం నిర్వంశం చేస్తవ్, వెంకటయ్యా."

అసలు పేరుతో పిలిచేసరికి వాడి ముఖం మాడిపోయింది. దొర సైగ చేశాడు. తుపాకీ మనిషి ఒకడు మైసయ్య చెవికి గొట్టం ఆనించాడు. సాయమ్మ సుత్తెను బిగించి పట్టుకుంది. కొడితే బిడ్డ పోతుంది, కొట్టకపోతే తమ్ముడు పోతాడు, ఆ తర్వాత ఎలాగూ ఇంకెవరి చేతో కొట్టిస్తారు.

అప్పుడు గోతిలోంచి గొంతు లేచింది... రాయిని రాయి ఒరుసుకున్నట్టు!

"కడుపు కాలుతున్నది."

"విన్నారా దొరా" అన్నాడు వెంకటయ్య. "బలి అడుగుతున్నాడు."

"ఎన్నడూ ఎండ సూడని కడుపు" అంది ఆ గొంతు. "ఎవరు తిప్పిన్రు నన్ను?"

సాయమ్మ తలెత్తి గుండును చూసింది. ఎర్రటి కడుపు నడిఎండలో పొక్కులు తేలి, పగుళ్లిచ్చి ఉంది. ఆమెకు ఒక్కసారిగా అర్థమైపోయింది. తన బిడ్డలో ఉన్నది వెంకటయ్య చెప్పిన వేతాళుడు కాడు. వాడి బూడిద వంటింటి బూడిదకన్నా ఎక్కువ చేసింది లేదు. నిద్రపోతున్న దాన్ని తలకిందులు చేశారు, అది లేచింది, దగ్గర్లో ఆనుకుని ఉన్న పిల్లలోకి వచ్చింది! ఇంతకాలం శ్మశానాలు తిరిగిన మహామాంత్రికుడికి ఆ మాత్రం తెలియలేదు.

సాయమ్మ గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుంది.

"తల్లీ, నీ పేరేందో నాకు తెల్వదు."

"పేరు లేదు. పేర్లు పెట్టేటోళ్లు పుట్టకముందు పండుకున్న."

"మేమే తిప్పినం. తుపాకులు పెట్టి తిప్పిచ్చిన్రు గని, చేతులు మాయే. అడగకుండ ముట్టినం, తప్పయింది. నీ మొకం నీకు మళ్లిస్త. నా బిడ్డను నాకియ్యి."

ఉరుము ఆగింది... ఆకు కదలలేదు. గుడ్లగూబ తల తిప్పి సాయమ్మను చూసింది.

ఈ సంభాషణలో తనకు చోటే లేకపోవడం వెంకటయ్యకు గిట్టలేదు. "నేను ఆజ్ఞాపిస్తున్నాను! నా కింకరుడవై మెలగుము!" అని గర్జించాడు.

"గా ముసురుతున్నదేంది" అంది గోతిలోని గొంతు. "ఈగనా?"

తుపాకీ మనిషి ఒకడు ఆపుకోలేక కిసుక్కున నవ్వాడు. వెంకటయ్యను ముంచింది ఆ నవ్వే. శాపాలను తట్టుకునే మాంత్రికుడు కూడా దొర ఎదుట నవ్వులపాలు కావడం తట్టుకోలేడు. పుర్రె చంకన పెట్టుకుని గోతిలోకి దూకాడు. సత్తెమ్మ జుట్టు చేతికి చుట్టుకుని, పుర్రెను ఆమె నడినెత్తిన అదిమి బీజాక్షరాలు అరవసాగాడు. నీలిమంట బుస్సుమని లేచి... తుస్సుమని ఆరిపోయింది!

సత్తెమ్మ తాపీగా లేచి నిలబడింది. వాడి చేతిలోంచి జుట్టు నీళ్లలా జారిపోయింది. మూడు రోజులుగా నలుగురు మగవాళ్లు చెమటలు కక్కుతూ మోయవలసి వచ్చిన పిల్ల, గట్టు ఎక్కి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మూడు రోజుల తర్వాత బిడ్డ కళ్లు తన ముఖం మీద ఆగాయి. సాయమ్మ బిడ్డను తన వెనక్కి జరిపింది. ఇచ్చిన మాట ఇంకా మిగిలే ఉంది.

"వెంకటయ్యా, పైకి రా" అంది. "ఒక్క ఆపురాయి తీసి గుండును తిప్పాలె. జల్ది రా."

"నువ్వా నన్ను పిలిచేది! రాళ్లు మోసే ముండవు!" వాడు కన్నెత్తి సాయమ్మ వైపు చూశాడు. ఆమె దవడ కటుక్కున బిగుసుకుంది! భుజం చచ్చుబడి సుత్తె నేల మీద పడింది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

టప్!

ఎవరూ కొట్టకుండానే ఎడమవైపు ఆపురాయి రెండు ముక్కలైంది. గుడ్లగూబ రెక్కలు విప్పి లేచిపోయింది. నిర్మలాకాశం నడిమధ్య నుంచి నేల దాకా ఫెళ్లున పిడుగు చీలింది! గుండు కదిలింది... జారలేదు, తిరగడం మొదలుపెట్టింది. ఏ తొందరా లేదు దానికి. పక్క మీద ఒత్తిగిలి పడుకునే ముసలమ్మ అంత నింపాదిగా ఒరుగుతోంది.

వెంకటయ్య పరుగెత్తబోయాడు. గోతి అడుగు మట్టి పిక్కల దాకా పట్టేసుకుంది. స్తంభనం చదివాడు, ఉచ్చాటనం చదివాడు. ఒరిగే రాయికి సంస్కృతం పట్టలేదు. గుండు నీడ ముఖం మీద పడగానే బిరుదులన్నీ రాలిపోయి, మిర్యాలగూడ సంతలోని గొంతు బయటికొచ్చింది.

"అక్కా, సాయక్కా, జర చెయ్యియ్యి. నీ కాల్మొక్త."

సాయమ్మ మాట్లాడలేకపోయింది గానీ, ఆడే చేత్తో మోకుతాడు అందుకుని గోతిలోకి విసిరింది. మోకు కొస వాడి ఛాతీకి తగిలింది. పట్టుకోవాలంటే పుర్రెను వదలాలి. వాడు దాన్ని రెండు చేతులా గుండెకు అదుముకుని, మోకును చూస్తూ, మంత్రం గొణుగుతూనే ఉన్నాడు. సాయమ్మ రెండోసారి మోకును వాడి ముఖం మీదికి ఆడించింది. వాడు పుర్రెను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

గుండు అరచుట్టు తిరిగి గోతిలో కూర్చుంది. కేక కూడా రాలేదు. మెత్తటి చప్పుడొకటి... అంతే!

ధూళి అణిగేసరికి మట్టిగీత నేలకు సరిగ్గా సమంగా ఉంది. నాచుపట్టిన బూడిదరంగు ముఖం ఆకాశాన్ని చూస్తోంది. సాయమ్మ దవడ విడింది. పందిరి కింద మైసయ్య "నీళ్లు" అన్నాడు. మూడు రోజుల తర్వాత అతని మొదటి మాట అది.

"అమ్మా, మనం గీడెందుకున్నం?" అంది సత్తెమ్మ. "ఆకలైతున్నది."

"ఇంటికి పోదాం బిడ్డా. జొన్న గట్క వండుత."

దొర గొడుగు వదిలేసి గుండు దాకా వచ్చాడు. పెదవులు పాలిపోయి ఉన్నాయి. గుండునూ, సాయమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"లోపల మనిషి ఉన్నడు సాయమ్మా. లేపండి దాన్ని."

"మంచిగ కుదిరింది గద, దొరా. మీకు గిట్లనే గావాలె గద."

"లేపమంటున్న."

సాయమ్మ గడ్డపార తీసి దొర పాదాల ముందు పెట్టింది. చెంబెడు నీళ్లు తెచ్చి దాని పక్కన ఉంచింది.

"లేపాలంటే ముందుగాల ఆమెను అడగాలె. నేను ఆమెకు మాటిచ్చి పండబెట్టిన, నేనడగ. తోట మీది. నీళ్లు పోసి మీరే అడగండ్రి."

తుపాకీ మనుషులు దారి వదిలి పక్కకు జరిగారు. సాయమ్మ బిడ్డనొక చేత్తో, తమ్ముణ్ణొక చేత్తో పట్టుకుని చిలుకూరు బాట పట్టింది. దొర చాలాసేపు ఆ చెంబును చూస్తూ నిలబడ్డాడు గానీ, వంగలేదు.