ఐదో బిట్టు చేసిన దొంగతనం

మిషన్ తప్పు చేస్తే మిషన్ ముందు కూసున్న మనిషిని పట్టుకునే పెద్దమనుషులారా, దొంగలు మీరే. సంతల జేబు కొట్టేటోడు మీకన్న నయం. వాడు ఇంకొకర్ని పోలీసులకు పట్టియ్యడు.

జనగామ బస్టాండు వెనుక ప్రైవేట్ డిటెక్టివ్ శోభ గదికి వచ్చింది తారి. బయ్యారం దగ్గరి తండా పిల్ల. మహబూబాబాద్ దరఖాస్తుల కేంద్రంలో ఆపరేటర్.

"అక్కా, పది రోజుల్ల నలభై ఒక్క పోడు భూమి దరఖాస్తులు మాయమైనయి. నేనే తుడిపేసిన్నని మిషన్ల కంపెనీ ఇంజనీరు చెప్తే మా అధికారి కంప్లైంట్ రాసిండు. సోమవారం పోలీసులకిస్తరట."

"రసీదులిచ్చినవా?"

"అందరికీ. భద్రమైందని మిషన్ చెప్తెనే రసీదొస్తది."

శోభ, ఆమె సహాయకుడు వెంకటేశ్ మహబూబాబాద్ పోయిన్రు. పోయినవన్నీ రోజూ ఆఖర్ల ఎక్కించిన నాలుగైదే. తారి సెలవున్న మంగళవారం కూడా నాలుగు పోయినయి. ఆ రోజు కూసున్నది మిషన్లిచ్చిన కంపెనీ ఇంజనీరు జగపతి మనిషి. అతన్ని ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతరు?

"సాయంత్రం ఏం చేస్తవన్నా?" అటెండర్ మొగిలిని అడిగింది శోభ.

"ఐదు కొట్టంగనే బిల్డింగు మెయిన్ దించుత. పోయినేడు వైర్లు కాలినయి గద. మంత్రి కూసున్నా దించుత."

భూపాలపల్లిలో అదే మిషన్, అదే సిస్టం. అక్కడ మెయిన్ దించరు. ఒక్క దరఖాస్తూ పోలేదు. సిస్టం కోడ్ కంపెనీ వెబ్‌సైట్‌లనే ఉంది. వెంకటేశ్ రెండు రోజులు చదివిండు.

సోమవారం కేంద్రం అధికారి సోమనర్సయ్య గదిలో శోభ అందర్నీ కూసోబెట్టింది.

"డిస్కుకు పోయే ప్రతి ఆర్డరు మీద ఫ్లాగ్ బిట్లుంటయి, వరుస స్విచ్చుల లెక్క. ఆర్డరిచ్చే పై ఫైల్ల ఐదో బిట్టంటే 'ఇప్పుడే డిస్కు మీద రాయి'. జగపతి ఆ ఆర్డరు చదివే కింది ఫైల్ల నడుమ కొత్త బిట్టు ఇరికించిండు. అక్కడ ఆ ఆజ్ఞ ఆరోదయింది. పై ఫైల్ మార్చలేదు. డిస్కు తీరిగ్గ రాసుకుందమనుకున్నది, భద్రమైందని మాత్రం చెప్పింది. ఆఖరి నాలుగైదు రాయకముందే మొగిలన్న మెయిన్ దించిండు."

జగపతి నవ్విండు. "గిది కెర్నల్, సిస్టం గుండెకాయ ముచ్చట మేడం. తండా ముచ్చట కాదు."

"అందుకే తండా పిల్ల మీదేసినవా?"

వెంకటేశ్ ఐదు ఉత్త దరఖాస్తులు ఎక్కించి మెయిన్ దించించిండు. మళ్ల లేపితే ఒక్కటీ లేదు. రెండు ఫైళ్ల అంకె ఒకటే చేసి, ఐదూ మళ్ల ఎక్కించి మెయిన్ దించించిండు. ఐదూ ఉన్నయి.

జగపతి నవ్వు ఆగింది.

"కంప్లైంట్ రాసిన తెల్లారే నీ వెబ్‌సైట్‌ల ఈ అంకె దిద్దినవు, కేంద్రాల మిషన్ల దిద్దలేదు. తేదీ, నీ పేరు అక్కడనే ఉన్నయి," అన్నది శోభ. "తప్పు నీదని ఎర్కైనంక గూడ తారిని పోలీసులకు పట్టియ్య చూసినవు. సోమనర్సయ్య సారూ, తారి మీది కంప్లైంట్ మా ముందటనే రాసి వాపస్ తీసుకోన్రి. ప్రతి కేంద్రంల కోడ్ దిద్దియ్యున్రి. జగపతీ, నువ్వు దరఖాస్తులు పోయినోళ్లుండే బయ్యారం, దంతాలపల్లి తండాలకు పో. నలభై ఒక్కమంది ముందట కూసోని, తప్పు నాదని చెప్పి, దరఖాస్తులు మళ్ల ఎక్కించు. ఇయ్యాల్నే బయలెల్లు."