జహనుమాలో మాయమైన లైసెన్సు

జహనుమా బస్తీలో పాలమ్మే బుచ్చయ్య చెమటలు కక్కుతూ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు.

“సార్, మా కొడుకు నందు డ్రైవింగ్ లైసెన్సు ఎవడో కొట్టేసిండు. సోమారం స్కూలోళ్లకు కార్డు చూపకపోతే వ్యాన్ నౌకరీ ఇంకోనికిస్తరు.”

డిటెక్టివ్ వైకుంఠం వివరాలు రాసుకున్నాడు. ఆయన కంటికి చిక్కనిది ఉండదని అసిస్టెంటు లావణ్య నమ్మకం.

పోస్ట్‌మన్ బుధవారం పదకొండింటికి ఆ ఇంట్లోనే లైసెన్సు కవరు ఇచ్చానన్నాడు. “ఎవరికంటే ఏం చెప్పాలె మేడం? దినాం వంద ఇస్త.”

బుచ్చయ్యది ఒకటే గది, వాకిట్లో రెండు బర్రెలు. తలుపుకు గొళ్లెమే గాని తాళం లేదు. పెట్టె లేదు, బీరువా లేదు. అయినా నందు మంచం తలాపున ఇనుప తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. బుచ్చయ్య తవుడు బస్తాలో చెయ్యి పెట్టబోతే భార్య కొమురమ్మ ఆపింది. “నువ్వు ముట్టకు, నేనేస్త.”

“బుధవారం పదకొండింటికి ఎక్కడున్నారు?” అడిగాడు వైకుంఠం.

“హోటళ్లకు పాలు పోస్తున్న,” అన్నాడు బుచ్చయ్య.

“వ్యాన్ చూస్తందుకు స్కూలుకు పోయిన,” అన్నాడు నందు.

నందుకు లైసెన్సు ఇప్పించిన ఏజెంటు రాజన్న నవ్వాడు. “నేను ఆర్టీఏ ఆఫీసు లైన్ల నిలబడ్డ. నా కమీషన్ ముందే ముట్టె. కార్డుతోని నాకేం పని భాయ్?”

సాయంత్రం వైకుంఠం అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాడు.

“తాళం లేని ఇంట్లో తాళంచెవులెందుకు? ఫిట్స్ వస్తే చేతిలో పెట్టడానికి. నందూ, ఆఖరుసారి ఎప్పుడొచ్చింది?”

“నెల కాలే.” నందు తల దించాడు. బుచ్చయ్య గోడవైపు తిరిగాడు.

“పదకొండింటికి ఇంట్లో ఉన్నది ఒక్కరే.” వైకుంఠం తవుడు బస్తాలోంచి కవరు తీశాడు.

“నాకు సదువు రాదు సార్,” అంది కొమురమ్మ. “కవర్ల కార్డు చేతికి గట్టిగ తగిలింది, గదే లైసెన్సనుకున్న. గా బండిల ముప్పై మంది పిల్లలెక్కుతరు.”

“గోలీలు ఏసుకుంటున్న గదనే అవ్వా!”

“పోయిన నెల గూడ ఏసుకుంటివి బిడ్డా.”

నందు చెయ్యి చాపాడు. అంతకంటే ముందే ఆమె కవరు లాక్కుని కుడితి పొయ్యిలో పడేసింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది.

“లైసెన్సు ఇచ్చే ముందు డాక్టరు చూడలేదా?” లావణ్య రాజన్నను అడిగింది.

“కాగితం మీద డాక్టరు సంతకం ఉన్నది మేడం. మొఖం చూడలే. అందరికి గట్లనే. వదినా, గిది కాలిస్తే ఏమైతది? అర్జీ పెడితే పది దినాలల్ల డూప్లికేట్ వస్తది.”

“మేం ఫిట్స్ సంగతి స్కూలుకు చెప్తే?” అంది లావణ్య.

“చెప్పుండ్రి మేడం,” అన్నాడు నందు. “ఈ స్కూలు కాకుంటే ఇంకో బండి. అవ్వయ్యకు పాలతోని ఎల్తలేదు.”

లావణ్య వైకుంఠం వైపు చూసింది. ఆయన చేతికంటిన తవుడు దులుపుకుంటున్నాడు.

“డూప్లికేట్ గూడ ఇంటికే వస్తదా?” అడిగింది కొమురమ్మ.

“ఇంటికే, వదినా.”

ఆమె పీట తెచ్చి గడప ముందు వేసుకుంది. పోస్ట్‌మన్ వచ్చే సందువైపు తిరిగి కూర్చుంది.