శారోన్ పేరున వచ్చిన డబ్బు

ఆదివారం పొద్దున్న గుడికి వెళ్ళేముందు సుగుణ పొయ్యి మీద ఇడ్లీ పెడుతుంటే గేటు చప్పుడైంది. చర్చి సంఘం పెద్ద ఒకాయన మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. ప్రార్థన చేశారు, టీ తాగారు, ఆఖరున గుడి ప్రహరీగోడకి చందా సంగతి కదిపారు. ఇప్పుడు కాదండీ అని సుగుణ చేతులు జోడించింది. ఆ నెలలో అలా వచ్చినవాళ్ళలో వాళ్ళు ఎన్నోవాళ్ళో ఆమెకే గుర్తులేదు.

కూతురు శారోన్ రావులపాలెంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేది. నాలుగేళ్ళ కిందట, సాయంత్రం స్కూటీ మీద కొత్తపేటలో ఇంటికి తిరిగొస్తుంటే అరటిగెలల లారీ గుద్దేసింది. ఆ ఇంటికి ఒక్కతే పిల్ల. ఇరవై నాలుగేళ్ళు. కోర్టులో కేసు నడిచి నడిచి, పోయిన నెల ఇరవై రెండు లక్షలు తల్లిదండ్రుల అకౌంటులో పడ్డాయి.

ఆ వార్త బ్యాంకు నుంచి ఇంటికి రాకముందే ఊరంతా తిరిగింది. ఒకరు గేదెలు కొనాలన్నారు. ఒకరు ఇంటి స్లాబు ఆగిపోయిందన్నారు. ఎవరడిగినా సుగుణ లేదనే చెప్పింది. మండలాఫీసులో అటెండరుగా చేసే ఆమె భర్త సాలమోను మాత్రం ఏమీ మాట్లాడేవాడు కాదు. వచ్చినవాళ్ళను సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్ళి, ఆలస్యంగా తిరిగొచ్చేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మరిది బెన్నీ వచ్చాడు. ప్రమాదం జరిగిన రోజు అందరికంటే ముందు ఆసుపత్రికి చేరింది అతనే. శవపెట్టె మోసిందీ, తర్వాత పదిరోజులు పని మానుకుని అన్నావదినల దగ్గరే ఉన్నదీ అతనే. కూతురు లిడియాకి నర్సింగులో సీటు వచ్చిందనీ, ఫీజుకి రెండు లక్షలు తక్కువయ్యాయనీ తడబడుతూ చెప్పాడు.

"శారోన్ ఉంటే తనే దగ్గరుండి చేర్పించేది వదినా. అడగడానికి నాకు నోరు రావట్లేదు."

నెల రోజులుగా బిగబట్టుకున్నదంతా సుగుణకి ఒక్కసారిగా బయటికొచ్చింది.

"ఆ రోజు పెట్టె మోసింది ఇందుకేనా బెన్నీ?"

బెన్నీ టీ గ్లాసు కింద పెట్టాడు. ముఖం తెల్లబోయింది. "ఆయ్, వెళ్ళొస్తాను వదినా" అని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

సాలమోను లేచి బీరువాలోంచి పాస్‌బుక్కు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆరు లక్షలు తగ్గాయి. నువ్వు లేదన్నవాళ్ళందరికీ వీధి చివర నేను మాటిచ్చేను, తీసి ఇచ్చేను అన్నాడు.

"నన్నో మాట అడగాలనిపించలేదా అండీ?"

"ఆ డబ్బు అయిపోతే బాగుండుననిపించింది సుగుణా. కోర్టులో లెక్క కట్టేటప్పుడు నువ్వు లేవు. మన పిల్ల జీతం పన్నెండు వేలు. పెళ్ళికాని పిల్ల కాబట్టి సగం సొంత ఖర్చుకి పోతుందని కొట్టేసేరు. అదేం ఖర్చు పెట్టుకుందే? జీతం తెచ్చి నీ చేతిలో పెట్టేది కదా. ఆ మాట చెబుదామని లేస్తే కూర్చోమన్నారు. అప్పట్నుంచీ ఆ డబ్బు తలుచుకుంటే అన్నం దిగట్లేదు నాకు."

సుగుణ పాస్‌బుక్కు మూసింది. భర్త మెతకతనం అనుకుంది ఇన్నాళ్ళూ. అతను లోపల ఇలా కాలిపోతున్నాడని ఆమెకి తెలియలేదు.

"ఇంతమంది వచ్చేరు కదండీ" అంది. "ఒక్కళ్ళయినా దాని పేరెత్తుతారేమో అని చూసేను. అందరూ డబ్బన్నారు. శారోన్ అన్నది ఇవాళ బెన్నీ ఒక్కడే."

ఆ మాట అన్నాక ఇంక కూర్చోలేకపోయింది.

పొద్దువాలేలోగా ఇద్దరూ కాలవ దాటి బెన్నీ ఇంటికి వెళ్ళారు. బెన్నీ భార్య పుష్పలత కుర్చీలు వేసింది. ఫీజు రేపు కట్టేద్దామని సాలమోను అన్నాడు. బెన్నీ వద్దన్నట్టు తలూపాడు. ఆ మాట పడ్డాక ఆ డబ్బు ముట్టుకోలేనన్నాడు.

సుగుణ కుర్చీలో కూర్చోలేదు. అతని ముందు నిలబడింది.

"తప్పు మాటన్నాను. దానికి నేనేం చెప్పినా సరిపోదు. నేనొచ్చింది వేరే అడగడానికి. నాలుగేళ్ళుగా నోరు రాలేదు. ఆ రోజు నువ్వు వెళ్ళేసరికి దానికి ప్రాణముందా? ఏమన్నా అందా?"

బెన్నీ తల దించుకున్నాడు. పుష్పలత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా చెయ్యి పట్టుకుంది వదినా. అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు బాబాయ్, కంగారుపడుతుంది అంది. అంతే." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "చెప్పొద్దంది కదా అని, ఇన్నాళ్ళూ చెప్పలేదు."

సుగుణ అక్కడే నేలమీద కూలబడింది. బిడ్డని మట్టిలో పెట్టిన రోజు కూడా ఆమెకి అంత ఏడుపు రాలేదు. సాలమోను పక్కన కూర్చుని ఆమె తల గుండెకి ఆనించుకున్నాడు. అతను ఏడవడం తమ్ముడు చూడటం అదే మొదటిసారి. బెన్నీ వచ్చి వదిన చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, ఎంతసేపటికీ వదల్లేదు.